బోదకాలు పురుగుని మన ఒళ్ళు ఎందుకు ఊరికే వదిలేస్తుంది? ఫాక్స్‌పీ3 జన్యువు కథ

[తెర మీద: భీమవరం దగ్గర పంట కాలువ. గట్టు వెంట ఇళ్ళు, ఇళ్ళ వెనక మురుగు డ్రెయిన్.]

ఒకే వీధి, ఒకే డ్రెయిన్, అవే దోమలు. ఒకాయనకి కాలు వాచి, చర్మం గట్టిపడి, చెప్పు కూడా పట్టదు. పక్కింటాయన రక్తం రాత్రిపూట తీసి మైక్రోస్కోపు కింద పెడితే పురుగు పిల్లలు మెలికలు తిరుగుతూ కనబడతాయి. ఆయనకి మాత్రం నొప్పి లేదు, వాపు లేదు. పొద్దున్నే చేపల చెరువు మీదికి మేత వేయడానికి వెళ్ళిపోతాడు.

నమస్కారమండి. గోదావరి డెల్టా వాళ్ళకి బోదకాలు, అంటే ఫైలేరియా, ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి రాజమండ్రిలో ఒక శాఖ ఉంది, ఫైలేరియా మీద శిక్షణ అక్కడ ఇస్తారు. ఈ జబ్బు ఇక్కడ ఎంత పాతుకుపోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది. దోమల గురించి, మురుగు గురించి మీరు చాలా విని ఉంటారు. ఈ వీడియోలో మన ఒంటి లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

అరికాల్లో చిన్న ముల్లు దిగితే రెండు రోజుల్లో అక్కడ ఎర్రబడి, చీము పట్టి, ఒళ్ళే దాన్ని బయటికి తోసేస్తుంది. ఫైలేరియాలో ఆడ పురుగు పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అది లింఫ్ నాళాల్లో, అంటే ఒంట్లో రోగనిరోధక కణాలు తిరిగే సన్నటి గొట్టాల్లో, ఐదు నుంచి ఎనిమిదేళ్ళు కాపురం పెట్టి, లక్షల పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ముల్లుని భరించలేని ఒళ్ళు దీన్ని ఎలా భరిస్తోంది? దొరికిన జవాబులో ఒక పెద్ద ముక్క ఫాక్స్‌పీ3 అనే జన్యువు దగ్గర ఉంది. 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది ఈ జన్యువు చుట్టూ జరిగిన పనికే.

[తెర మీద: పాత నలుపు తెలుపు ఫోటోల వరసలో ఎలుకల బోనులు. "1949, ఓక్ రిడ్జ్, అమెరికా".]

కథ 1949లో మొదలైంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ లాబొరేటరీలో, రేడియేషన్ వల్ల జీవులకి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎలుకల్ని పెంచుతున్నారు. వాటిలో కొన్ని మగ పిల్లలు జబ్బుతో పుట్టాయి. చర్మం పొలుసులుగా రాలిపోయేది, ప్లీహం, లింఫ్ గ్రంథులు విపరీతంగా ఉబ్బేవి, కొన్ని వారాలకే చచ్చిపోయేవి. అది రేడియేషన్ వల్ల వచ్చింది కాదు, జన్యువులో దానంతట అదే వచ్చిన మార్పు. ఆ ఎలుకలకి స్కర్ఫీ అని పేరు పెట్టారు. అవి దేనికి పనికొస్తాయో అప్పటికి ఎవరికీ తెలీదు. అయినా ఆ సంతతి అంతరించిపోకుండా దశాబ్దాల పాటు సాకారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ ఓపికేనండి.

మగవాటికే ఎందుకంటే, ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవాటికి ఎక్స్ రెండు ఉంటాయి, ఒకటి చెడినా ఇంకోటి ఆదుకుంటుంది. మగవాటికి ఉన్నది ఒక్కటే.

1990లలో సియాటిల్ దగ్గర ఒక చిన్న బయోటెక్ కంపెనీలో పనిచేసే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఈ ఎలుకల మీద పని మొదలుపెట్టారు. అప్పటికి తెలిసిందల్లా, స్కర్ఫీ ఎలుకల్లో టీ కణాలు, అంటే క్రిముల మీద దాడి చేయాల్సిన ఒక రకం తెల్ల రక్తకణాలు, సొంత అవయవాల మీదే పడి వాటిని నాశనం చేస్తున్నాయని. తప్పు ఏ జన్యువుది? ఇప్పుడైతే కంప్యూటర్‌లో వెతికేస్తాం. అప్పుడు ఆ సౌకర్యం లేదు. ఎక్స్ క్రోమోజోమ్‌లో దాదాపు 17 కోట్ల డీఎన్ఏ అక్షరాలు ఉంటాయి. వెతికి వెతికి వాటిని 5 లక్షల దాకా కుదించారు. ఆ ముక్కలో 20 జన్యువులు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి మంచి ఎలుకతో పోల్చి చూశారు. 19 చూశారు, ఏ తేడా లేదు. తప్పు చివరిదైన ఇరవయ్యో జన్యువులో దొరికింది. అందులో రెండు అక్షరాలు అదనంగా చొరబడ్డాయి, అంతే. ఆ జన్యువే ఫాక్స్‌పీ3. ఈ ఫలితం 2001లో బయటికి వచ్చింది.

అదే ఏడాది ఇంకో సంగతి తేలింది. మగ శిశువులకి పుట్టిన కొద్ది కాలానికే షుగరు, ఆగని విరేచనాలు, ఒళ్ళంతా ఎగ్జిమా వచ్చే ఒక అరుదైన జబ్బు ఉంది. దాన్ని ఐపెక్స్ అంటారు. ఇలాంటి కుటుంబం గురించి వైద్యులు 1982లోనే రాశారు, కారణం మాత్రం తెలియలేదు. ఆ పిల్లల్లోనూ చెడింది ఫాక్స్‌పీ3నే. మూలకణాల మార్పిడి ఇప్పుడు వాళ్ళకి ఒక చికిత్స.

[తెర మీద: ఛాతీలో థైమస్ గ్రంథి ఎక్కడుందో చూపే బొమ్మ.]

జపాన్‌లో షిమోన్ సకగుచి అప్పటికే వేరే దారిలో వెళ్తున్నారు. పుట్టిన మూడో రోజు ఎలుక పిల్లకి, టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి తీసేస్తే టీ కణాలు తగ్గాలి కదా, రోగనిరోధక శక్తి నీరసించాలి. జరిగింది దానికి విరుద్ధం. ఆ శక్తి సొంత ఒంటి మీదే విరుచుకుపడింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక నుంచి టీ కణాలు తెచ్చి ఎక్కిస్తే ఆ జబ్బు రాలేదు. అంటే టీ కణాల్లోనే మిగతావాటిని అదుపులో పెట్టే రకం ఒకటి ఉందన్నమాట. 1970లలో ఇలాంటి కణాల గురించి పెద్ద హడావుడి జరిగి, ఆధారాలు నిలబడక, శాస్త్రజ్ఞులు ఆ మాటే వదిలేశారు. ఆ రోజుల్లో ఈ విషయం పట్టుకుని ఉండటానికి చాలా ధైర్యం కావాలి. సకగుచి వదల్లేదు. 1995లో ఆ కణాల్ని సీడీ25 అనే గుర్తుతో విడదీసి చూపించారు. వాటికి రెగ్యులేటరీ టీ కణాలు అని పేరు వచ్చింది. 2003లో రెండు దారులూ కలిశాయి. ఒక టీ కణం రెగ్యులేటరీ కణంగా తయారవడానికి ఆజ్ఞ ఇచ్చేది ఫాక్స్‌పీ3 అని తేలింది.

మన కాలువల మీద లాకులు ఉన్నాయి కదా. నీళ్ళు రాకపోతే చేను ఎండిపోతుంది, లాకులు లేకపోతే అదే నీళ్ళు చేనుని ముంచేస్తాయి. రెగ్యులేటరీ కణాల పని అచ్చం అదే. మిగతా టీ కణాలకి కావాల్సిన ఐఎల్-2 అనే పదార్థాన్ని ఇవి తాగేస్తాయి. ఐఎల్-10 లాంటి శాంతపరిచే సంకేతాల్ని వదులుతాయి.

[తెర మీద: రక్తంలో కదిలే మైక్రోఫైలేరియా, యానిమేషన్.]

ఇప్పుడు మన పురుగు దగ్గరికి వద్దాం. చెన్నైలో సుభాష్ బాబు, అమెరికాలో థామస్ నట్‌మన్ కలిసి ఫైలేరియా రోగుల రక్తం మీద చాలా ఏళ్ళు పనిచేశారు. ఏ లక్షణాలూ లేకుండా రక్తంలో పురుగు పిల్లలు ఉన్నవాళ్ళ కణాల్ని, బతికున్న పురుగుతో కలిపి చూశారు. ఫాక్స్‌పీ3, ఇంకొన్ని అదుపు సంకేతాలు పెరిగాయి, దాడి చేయాల్సిన టీ కణాల స్పందన మందగించింది. 2006లో ఈ ఫలితం ప్రచురించారు. అంటే పక్కింటాయన ఒంట్లో రోగనిరోధక శక్తి లేక కాదు, దాన్ని అణిచిపెట్టి పురుగు బతుకుతోంది. ఫాక్స్‌పీ3 ఒక్కటే అంతా చేస్తోందని మాత్రం అనుకోకండి, పురుగు దగ్గర ఎత్తులు ఇంకా ఉన్నాయి. ఇంకో మాట. ఇక్కడ ఎవరి జన్యువూ చెడలేదు. వంశంలో ఉంది కాబట్టి వచ్చిందనుకునేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పురుగు దోమ వల్లే వస్తుంది.

బాధ లేదు కాబట్టి ఆయన ఆస్పత్రికి వెళ్ళడు. రాత్రి దోమ కుడుతుంది, పురుగు పిల్లల్ని మోసుకుని వీధంతా తిరుగుతుంది. అందుకే ఆశా వర్కర్ ఇంటికొచ్చి, "బాగానే ఉన్నానమ్మా, నాకెందుకు" అన్నవాళ్ళ చేత కూడా మాత్ర మింగించి గానీ కదలదు. అలా సామూహికంగా డీఈసీ అనే ఫైలేరియా మందు మాత్రలు పంచడం 2004లో దేశవ్యాప్తంగా మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర కూడా కలిపారు.

ఆ డీఈసీ వెనక ఉన్నది మన భీమవరం బిడ్డ, 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆయన నడిపిన పరిశోధనలోంచే 1947లో ఈ మందు వచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. డీఈసీ పనితీరు మన కథకి దగ్గర. గాజు పాత్రలో మైక్రోఫైలేరియా, అంటే పురుగు పిల్లల, మీద వేస్తే ఈ మందుకి అంత ప్రభావం ఉండదు. ఒంట్లోకి వెళ్ళాకే, మన రోగనిరోధక కణాల సాయంతోనే వాటిని చంపుతుంది. మాత్ర వేసుకున్న రోజు కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటాయి. "మందు వికటించింది" అని ఊరంతా టెన్షన్ పడుతుంది. నిజానికి చచ్చిన పురుగు పిల్లల మీద ఒళ్ళు స్పందించడం అది. రక్తంలో పురుగు ఎక్కువున్నవాళ్ళకే ఆ జ్వరం ఎక్కువ. రెండేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ, తీవ్రంగా జబ్బు పడ్డవాళ్ళకీ ఈ మాత్ర ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు.

[తెర మీద: ఒక పెద్దాయన కాలు కడుక్కోవడం. ముఖం చూపించకూడదు.]

మరి కాలు వాచినవాళ్ళ సంగతి? చెన్నై, అమెరికా బృందాలే 2009లో వాళ్ళ రక్తం పరీక్షించి ఫలితం ప్రచురించాయి. అక్కడ అదుపు సంకేతాలు తగ్గి, వాపు పుట్టించే టీ కణాలు రెచ్చిపోయి ఉన్నాయి. ఈ మంటకి ఆజ్యం పోసేవి మామూలు బ్యాక్టీరియా. పొలం నీళ్ళలో, రొయ్యల చెరువుల్లో నాని వేళ్ళ సందులు పాసిపోతాయి, అక్కడి నుంచి లోపలికి వెళ్తాయి. వెళ్ళిన ప్రతిసారీ గజ్జల్లో బిళ్ళలు కట్టి, చలి జ్వరం వచ్చి, కాలు ఇంకాస్త లావెక్కుతుంది.

అందుకే రోజూ రాత్రి కాలుని మామూలు సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో కడగండి. వేళ్ళ మధ్య మెత్తటి గుడ్డతో అద్ది తడి లేకుండా చేయండి. రుద్దకండి. పాసిన చోట పీహెచ్‌సీలో ఇచ్చే ఆయింట్‌మెంట్ రాయండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి. బిళ్ళ కట్టి జ్వరం వచ్చిందంటే మాత్రం ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.