సంగీతం బడికి ఏం ఇవ్వాలి?

[దృశ్యం: అనంతపురంలో ఒక హాలు. ఆగి ఉన్న సీలింగ్ ఫ్యాన్.]

ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు చూశారా? తిరిగేటప్పుడు కనపడదు, కరెంటు పోతేనే చదువుకోగలం. మన దగ్గర దానమంటే ఫ్యాన్లు, బెంచీలు, గోడకు పాలరాతి ఫలకం. సంగీతం బడికైతే ఒక వీణ.

నేను చూసిన ఒక బడిలో అలాంటి వీణ బీరువాలో ఉంది. మా ఎండలకు వీణ మెట్ల (తీగను నొక్కే చోట ఉండే అడ్డపట్టీల) కింది మైనం మెత్తబడి మెట్లు పక్కకు జరిగాయి. సరిచేసే మనిషి లేడు. నేర్పే పంతులు మానేసి చాన్నాళ్లయింది.

[దృశ్యం: రాగిరేకు, దగ్గరగా.]

ఇక ఉమ్మడి కడప జిల్లా తాళ్లపాక సంగతి. అన్నమయ్య 1408లో పుట్టాడంటారు. ఆయన పాటలు పోకూడదని కొడుకు పెద తిరుమలయ్య రాగిరేకుల మీద చెక్కించాడు. రాగి అప్పుడూ చవకేం కాదు! తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయిన ఆ రేకుల్ని వందల ఏళ్ల తర్వాత చదివితే పాట ఉంది, పైన రాగం పేరూ ఉంది. ఎలా పాడాలో సరిగమల్లో రాసిన స్వరం లేదు. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ నిలపాలో నోటితో నేర్పే పరంపర ఎప్పుడో తెగిపోయింది.

మళ్లీ స్వరాలు కట్టినవాళ్లలో ముఖ్యులు మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తర్వాత తిరుపతి దేవస్థానం తరఫున ఆ పాటలను పరిష్కరించారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది. అంతటి విద్వాంసుడికీ అన్నమయ్య పాడిన వరస దొరకలేదు. తనే కట్టాల్సి వచ్చింది.

అందుకే నా ఓటు పంతులు జీతానికి.

[స్క్రీన్ మీద: 10 లక్షలు × 7 శాతం]

ఒక దాత 10 లక్షలు శాశ్వత నిధిగా డిపాజిట్ చేశారనుకోండి. అసలు సొమ్ము ముట్టకూడదు. 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 70 వేలు, నెలకు 5,800 చిల్లర. ఇల్లు గడవదు కానీ, వారానికి రెండు సాయంత్రాలు వచ్చే టీచరుకు ఆసరా.

కంపెనీల దగ్గర సీఎస్సార్ డబ్బు, అంటే సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఆ నిబంధన వర్తించే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సంప్రదాయ కళలూ ఆ జాబితాలో ఉన్నాయి. చిక్కల్లా ఫొటోతోనే. వీణకైతే రిబ్బన్ కట్టొచ్చు, జీతానికి ఎక్కడ కడతాం?

మీ ఊళ్లో ఎవరైనా సంగీతం బడికి సాయం చేస్తామంటే, ముందు అక్కడికెళ్లి ఒక్క మాట అడగమనండి: "పంతులు ఏయే రోజులు వస్తారు?"

[దృశ్యం: బీరువా తలుపు తీస్తే, వీణ.]