గేమ్‌లో క్లాస్ మార్చేముందు ఆటగాళ్లకు చూపించాలా? విజయవాడ స్టూడియోలో వాడివేడి చర్చ

ఒక ఆన్‌లైన్ గేమ్‌లో మాంత్రికుడి క్లాస్‌ను (ఆటగాడు ఎంచుకునే పాత్ర రకాన్ని) ఎక్కడా పరీక్షించకుండా రాత్రికి రాత్రే నెర్ఫ్ చేయడంతో, అంటే బలం తగ్గించడంతో, ఆటగాళ్లు భగ్గుమన్నారు. విజయవాడ స్టూడియోలో దానిపై ఒక ఈ-స్పోర్ట్స్ (పోటీ వీడియో గేమ్‌ల) కోచ్, ఒక గేమ్ డెవలపర్, ఒక గేమింగ్ కేఫ్ యజమాని మధ్య జరిగిన చర్చ ఇది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.

వ్యాఖ్యాత: నమస్కారం. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. కోచ్ గారూ, అసలేం జరిగింది?

కోచ్: అన్యాయం జరిగిందండీ. మా టీమ్ కుర్రాడు నెలల తరబడి ఒక్క మాంత్రికుడినే పెంచుకున్నాడు. పొద్దున్నే లాగిన్ అయి గేమ్‌లోని సాధన బొమ్మ మీద మంటల గోళం విసిరి చూశాడు. దెబ్బ అంకె మూడో వంతు తగ్గింది! ఎల్లుండే టోర్నమెంట్. ఇప్పటికిప్పుడు ఇంకో క్లాస్‌కి గేర్, అంటే ఆయుధాలు, కవచాలు, ఎక్కడ తెస్తాడు? రెండు వారాలు, మార్పుల్ని ముందే ఆడి చూసే పబ్లిక్ టెస్ట్ సర్వర్‌లో పెట్టుంటే...

డెవలపర్: టెస్ట్ సర్వర్ అవసరమే. కానీ అదొక్కటే...

కోచ్: ఉండండి సార్, పూర్తి చేయనివ్వండి. డయాబ్లో 4 గేమ్‌లో ఏమైంది? 2023 జులై ప్యాచ్‌లో, అంటే అప్‌డేట్‌లో, క్లాసులన్నిటి బలాన్నీ తగ్గించారు. జనం తిరగబడ్డారు. 2024 ఏప్రిల్‌లో, సీజన్ 4కి ముందు, మొదటిసారి టెస్ట్ సర్వర్ తెరిచారు. సీజన్ మే 14న వచ్చింది. అంటే ఆగొచ్చు! ఆగి, జనం మాట వినొచ్చు!

వ్యాఖ్యాత: మరి మన పిల్లల మాట ఎవరు వింటున్నారు? మన దేశంలో టెస్ట్ సర్వర్ ఎందుకు పెట్టరు?

కేఫ్ యజమాని: అదేనండీ నా బాధ. వాలరెంట్ గేమ్ ఆడటానికి ముంబై సర్వర్ ఉంది. దాని టెస్ట్ సర్వర్ మాత్రం ఉత్తర అమెరికా వాళ్లకే. ఫ్రీ ఫైర్ గేమ్ టెస్ట్ సర్వర్ అయిన అడ్వాన్స్ సర్వర్‌కి యాక్టివేషన్ కోడ్ కావాలి, అదీ కొద్దిమందికే. గవర్నర్‌పేటలో మా కేఫ్‌కి వచ్చే కుర్రాళ్లు...

వ్యాఖ్యాత: చూశారా! అమరావతికో విశాఖకో ఒక సర్వర్ వస్తే...

డెవలపర్: సర్వర్ ఎక్కడున్నా ఒక చిక్కు ఉందండీ. టెస్ట్ సర్వర్‌లో ఆడింది అసలు ఖాతాలోకి రాదు. అందుకే తక్కువ మంది వస్తారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దెబ్బ అంకెలు చూసుకుని పోతారు. జట్టుకు వైద్యం చేసే హీలర్‌గా ఆడేవాడు దొరకడు. పైగా ఖాళీ ఉన్నవాడు ముందే అన్నీ తెలుసుకుని, రేటు పెరగబోయే సరుకు కొని దాచేస్తాడు. కాలేజీకో డ్యూటీకో వెళ్లేవాడికి ఆ అవకాశం ఏది?

కోచ్: ఇప్పుడు మాత్రం ఉందా? అందరికీ కళ్లకు గంతలు కట్టడమే సమానత్వమా?

డెవలపర్: అలా అనలేదు. డయాబ్లో 4 టెస్ట్ కూడా పీసీ వాళ్లకే ఇచ్చారు. కన్సోల్ వాళ్లు...

కోచ్: (గొంతు పెంచి) అయితే కన్సోల్‌కీ ఇవ్వమని అడగండి! ఎత్తేయమంటారేంటి?

డెవలపర్: ఎత్తేయమని నేనెక్కడన్నానండీ?

కేఫ్ యజమాని: ఒక్క మాట. మా దగ్గర గేమ్ అనగానే తల్లిదండ్రులు రమ్మీ అనుకుంటారు. రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుల ఆటలను ఆపి, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. అయినా కేఫ్‌కి వస్తే చాలు, ఇంట్లో పెద్ద టెన్షన్...

వ్యాఖ్యాత: చాలా ముఖ్యమైన విషయం. తల్లిదండ్రులకు మీరేం చెబుతారు?

(ఇక్కడ నాలుగైదు నిమిషాలు చర్చ రమ్మీ మీదికి, ఇంటర్ పరీక్షల మీదికి మళ్లింది. ఆ భాగం వదిలేశాం.)

డెవలపర్: అసలు విషయానికొద్దాం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే గేమ్‌లో కొత్త మార్పులకు ఆటగాళ్లతో ఓటు వేయిస్తారు. ఒకప్పుడు 75 శాతం రావాలి, 2022లో 70కి తగ్గించారు. క్లాస్ బలం విషయంలో మాత్రం ఓటుతో ఇబ్బందే. ఎవరి క్లాస్‌కి వాళ్లే ఓటేస్తారు. ఫిర్యాదులతో పాటు ఆట లెక్కలూ చూడాలి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో కంపెనీ ముందే రాసి...

కోచ్: రాస్తే సరిపోదండీ, ఆడి చూడాలి! నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. రెండు వారాలు, అందరికీ తెరిచిన సర్వర్, ఆ తర్వాతే నెర్ఫ్. టోర్నమెంట్ వారంలో క్లాస్‌ని ముట్టుకోకూడదు.

(చివరి మాటతో డెవలపర్ కూడా ఏకీభవించారు. ఇద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే, కానీ వ్యాఖ్యాత దాన్ని పట్టించుకోలేదు.)

వ్యాఖ్యాత: మన దగ్గర సర్వర్ ఉంటే ఈ గొడవే లేదంటారా?

డెవలపర్: లేదండీ, పింగ్ అంటే సర్వర్ స్పందించే ఆలస్యం, అది వేరు, ఇది...

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. కోచ్ గారూ, చివరి నిమిషం మీదే.

డెవలపర్: నాకింకా...

కోచ్: కంపెనీలకు నేనొకటే అడుగుతున్నా. పాత్రకు కొత్త రూపం ఇచ్చే స్కిన్ అమ్మేముందు వారం రోజులు ప్రచారం చేస్తారు కదా! క్లాస్‌ని మార్చేముందు మాకు చూపించడానికి ఆ వారం ఎందుకు దొరకదు? రెండు వారాలు...

వ్యాఖ్యాత: విరామం తర్వాత వాతావరణ వార్తలు.