శాంపిల్ ఎంత అనే ముందు, ఎన్ని ఊళ్లు? సర్వే ప్రాజెక్టు డిజైన్‌లో విద్యార్థుల సందేహాలు

అందరికీ నమస్కారం. షీట్ కనిపిస్తోంది కదా. ఫోనులో చూసేవాళ్ల కోసం అక్షరాలు కాస్త పెద్దవి చేస్తున్నాను. ఇదిగో. సరే.

ఎంఏ ప్రాజెక్టు చేసేవాళ్లయినా, పీహెచ్‌డీ సినాప్సిస్ రాసేవాళ్లయినా నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "మేడమ్, శాంపిల్ ఎంత తీసుకోవాలి?" టాపిక్ ఇంకా తేలి ఉండదు, ఎవరిని అడగాలో తేలి ఉండదు. అంకె మాత్రం కావాలి. అంకె చెబుతాను. కానీ ఈ వీడియోలో ఎక్కువసేపు ఆగేది అంకె దగ్గర కాదు, ఆ మంది ఎక్కడి నుంచి వస్తున్నారు అన్న దగ్గర.

ముందు ప్రశ్న. మొదటి గడి చూడండి. "మహిళా సాధికారతపై డ్వాక్రా సంఘాల ప్రభావం: ఒక అధ్యయనం." ఇది టైటిల్, ప్రశ్న కాదు. ప్రశ్న కింది గడిలో ఉంది. "సంఘంలో చేరి ఎక్కువ ఏళ్లయిన మహిళకు, ఇంట్లో పెద్ద ఖర్చు చేసేటప్పుడు మాట చెల్లడం ఎక్కువగా ఉందా?" ఇప్పుడు లెక్కపెట్టడానికి రెండు సంగతులు దొరికాయి. ఎన్నేళ్లు, మాట చెల్లుతోందా. ఎవరి గురించి? మహిళ గురించి. కుటుంబం కాదు, సంఘం కాదు. షీట్‌లో ఒక వరుస అంటే ఒక మహిళ. దీన్ని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

"సాధికారతను ఎలా కొలవాలి?" సొంతంగా ప్రశ్నలు కనిపెట్టకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివాహిత మహిళలను మూడు నిర్ణయాల గురించి అడుగుతుంది. తన వైద్యం, ఇంట్లో పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికి, బంధువుల ఇళ్లకు వెళ్లడం. ఆ ప్రశ్నలనే అవే మాటల్లో తీసుకుంటే, మీ మండలంలో వచ్చిన అంకెను రాష్ట్రం అంకె పక్కన పెట్టి చూడవచ్చు. సొంత ప్రశ్నకు ఆ వీలుండదు.

"ప్రభావం అని రాయవచ్చా?" ఒక్కసారి చేసే సర్వేతో రాయకూడదు. సంఘంలో చేరినందువల్ల మాట చెల్లిందా, ఇంట్లో మాట చెల్లే ఆడవాళ్లే ముందుగా చేరారా? మీ డేటాకు ఈ తేడా తెలియదు. టైటిల్‌లో "సంబంధం" అని రాయండి. ప్రభావమే కావాలంటే, అవే కుటుంబాల దగ్గరికి మళ్లీ వెళ్లిన డేటా వెతకండి. భారత మానవ అభివృద్ధి సర్వే 2004-05లో ఒకసారి, 2011-12లో మరోసారి, చాలావరకు అవే ఇళ్లకు వెళ్లింది. ఇలాంటి డేటాతో చేసిన ప్రాజెక్టును "సొంత సర్వే లేదు" అని తక్కువ చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జాగ్రత్తగా చేస్తే అది మంచి పరిశోధన.

హైపాథసిస్, అంటే మీ డేటాతో పరీక్షించబోయే ఊహ. అది సులువే, ఒక్క వాక్యం. ఇదిగో, రాసేశాను. తర్వాతిది.

ఇక శాంపిల్. అందరూ వాడే సూత్రం ఈ గడిలో ఉంది. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా, మనకు ముందుగా ఏమీ తెలియదు కాబట్టి అవుననేవాళ్లు, కాదనేవాళ్లు సగం సగం. ఎంటర్ కొడితే 384.16 వస్తుంది. అంటే 385 మంది. నాలుగు వందలు అనుకుందాం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు.

ఇక్కడే ఆగవద్దు. దయచేసి ఈ భాగం నెమ్మదిగా చూడండి.

నా మొదటి సర్వే నాలుగు వందల మందితోనే చేశాను. పది ఊళ్లు, ఊరికి నలభై మంది. బస్సు ఖర్చు కలిసొస్తుందని అలా పెట్టుకున్నాను. పని అంతా అయ్యాక, వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, ఒక ప్రొఫెసర్ అడిగారు. "ఒకే ఊళ్లో నలభై మంది చెప్పినవి నలభై సమాధానాలేనా అమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న అర్థం కావడానికే నాకు చాలా రోజులు పట్టింది.

ఆలోచించండి. ఒకే ఊరివాళ్లకు బ్యాంకు బ్రాంచి ఒకటే. గ్రామ సంఘం ఒకటే, లీడరు ఒకరే. పండే పంట ఒకటే, కూలి రేటు ఒకటే. మొదటి ఐదుగురిని అడిగేసరికి ఆ ఊరి సంగతి చాలావరకు తెలిసిపోతుంది. నలభయ్యో మనిషి చెప్పేదాంట్లో కొత్తదనం తక్కువ. కానీ 385 తెచ్చిన సూత్రం, ఎవరికి వారు విడిగా వచ్చారు అనుకుని లెక్క వేసింది. మనం గుంపులుగా తెచ్చాం.

ఎంత నష్టపోయామో కొలవవచ్చు. ఈ కాలమ్ చూడండి. ఊరికి ఎంతమంది, అందులో ఒకటి తీసేయండి. దాన్ని ఒకే ఊరివాళ్ల సమాధానాలు ఎంత కలుస్తాయో చెప్పే అంకెతో గుణించండి. దానికి ఒకటి కలపండి. ఇదే డిజైన్ ఎఫెక్ట్. ఆ కలిసే అంకెను 0.05 అనుకుందాం. చాలా చిన్నది కదా. నలభైలో ఒకటి తీస్తే 39, దాన్ని 0.05తో గుణిస్తే 1.95, ఒకటి కలిపితే 2.95. నాలుగు వందలను 2.95తో భాగిస్తే? 136. నాలుగు వందల ఇళ్ల తలుపు తట్టాను, చేతికి వచ్చింది నూట ముప్పై ఆరు మంది విలువ.

ఇప్పుడు ఈ ఒక్క గడి మారుస్తున్నాను. ఊరికి పది మంది, నలభై ఊళ్లు. మొత్తం మళ్లీ నాలుగు వందలే. డిజైన్ ఎఫెక్ట్ 1.45. విలువ 276 మంది. మనుషులు అంతమందే, ప్రశ్నలు అవే, ఊళ్లు మాత్రమే పెరిగాయి. అందుకే గట్టిగా చెబుతున్నాను. డబ్బుంటే మనుషులను పెంచకండి, ఊళ్లను పెంచండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంత పెద్దది, ఐదో విడతలో 6 లక్షలకు పైగా ఇళ్లు. అది కూడా ఒక చోట తీసుకున్నవి 22 ఇళ్లే.

పెద్ద అంకె ఒక్కటే కాపాడదు. అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు, మీ ఓటు ఎవరికని ఒక పత్రిక కార్డులు పంపి అడిగితే ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రూజ్వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి తీసుకున్నారు, పైగా కార్డు తిప్పి పంపనివాళ్లు ఏమనుకుంటున్నారో వాళ్లకు తెలియదు.

సరే, ఆ నలభై ఊళ్లు ఎలా ఎంచాలి? రెండో షీట్. ఈ అంకెలు చూపించడానికి వేసినవి. 160 ఊళ్లు, మొత్తం 24,000 మంది సభ్యులు. పక్క కాలమ్‌లో పైనుంచి కిందికి కలుపుకుంటూ వెళ్లండి. మొదటి ఊరు 140. రెండో ఊరు 250, కలిపితే 390. మొదటి గడిని ఎఫ్4 నొక్కి కట్టేయండి, లేకపోతే కిందికి లాగినప్పుడు జారిపోతుంది. 24,000ను 40తో భాగిస్తే 600. ఒకటి నుంచి 600 లోపు ఏదో ఒక అంకె. రాండ్‌బిట్వీన్ అని కొట్టండి. 217 వచ్చింది. వెంటనే కాపీ చేసి, కంట్రోల్, షిఫ్ట్, వీ నొక్కి అంకెగా అతికించండి. నేను గూగుల్ షీట్స్ వాడుతున్నాను, అందులో ఇలా. అతికించకపోతే మీరు ఇంకో గడిలో ఏం రాసినా ఆ అంకె మారిపోతుంది.

217 రెండో ఊరిలో పడింది. ఆ తర్వాత 817, 1,417, 2,017, అలా 600 చొప్పున. పెద్ద ఊరికి అవకాశం ఎక్కువ, కానీ ప్రతి ఊళ్లోనూ పదిమందినే అడుగుతాం. రెండూ సరితూగి, ఏ ఊరి మహిళకైనా అరవైలో ఒక అవకాశం వస్తుంది. నాకు ఈ లెక్క ఎంతో ఇష్టం.

ఊళ్లోకి వెళ్లాక పదిమందిని పిలిపించమని లీడరుకు చెప్పకండి. బాగా మాట్లాడేవాళ్లు, బాకీ లేనివాళ్లే వస్తారు. రిజిస్టరు తీసుకుని మీరే చీటీలు తీయండి. తలుపు తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లిపోకండి. కూలికి వెళ్లి ఉంటారు. సాయంత్రం మళ్లీ వెళ్లండి, కుదరకపోతే తెల్లవారి వెళ్లండి. వదిలేస్తే మీ శాంపిల్‌లో పనికి వెళ్లే ఆడవాళ్లే మిగలరు.

ప్రశ్నావళి. త్వరగా చెబుతాను. "సమావేశాలు క్రమంగా, ఉపయోగకరంగా జరుగుతున్నాయా?" రెండు ప్రశ్నలు, విడదీయండి. "ఎప్పుడు చేరారు?" అంటే ఏడాది గుర్తుండదు. రాష్ట్రం విడిపోకముందా తర్వాతా, నోట్ల రద్దుకు ముందా, లాక్‌డౌన్ తర్వాతా అని అడగండి. 2014, 2016, 2020. దగ్గరి ఏడాది తేలుతుంది.

భూమి దగ్గర జాగ్రత్త. రాష్ట్ర సరిహద్దు మండలాల్లో పనిచేసేవాళ్లు మరీ. తెలంగాణలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర. ఆంధ్రలో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. ఒకే గడిలో రాస్తే కంప్యూటర్‌కు రెండూ ఒకటే. ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో ఒక గడి పెట్టండి, ఏవో అడిగి గుర్తు పెట్టండి.

ఫోనులో ఫారం కోసం నేను కోబోటూల్‌బాక్స్ వాడతాను. సిగ్నల్ లేని ఊళ్లోనూ పనిచేస్తుంది, తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు. అంగీకారం ప్రశ్న మొదటి పేజీలోనే ఉండాలి. వద్దంటే ఫారం అక్కడే ముగియాలి.

చివరగా ఈ కాలమ్, ఊరి నంబరు. ప్రతి వరుసకూ ఉండాలి. తర్వాత ఆర్, స్టాటా లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో లెక్క వేసేటప్పుడు, ఎవరెవరు ఒకే ఊరివాళ్లో ఈ కాలమే చెబుతుంది. ఆ రోజు వైవాలో నా షీట్‌లో ఈ కాలమ్ లేదు. మీ షీట్‌లో ఇప్పుడే పెట్టండి. ఒకటి నుంచి నలభై వరకు. నేను కూడా పెడుతున్నాను. ఇదిగో, సేవ్ చేశాను.