కుక్కపిల్లకి టీకా అన్నిసార్లు ఎందుకు వేస్తారు?

[పశువైద్యుడి బల్ల మీద కుక్కపిల్ల. సూది వేస్తున్నారు.]

"మొన్ననే కదా డాక్టర్ గారూ వేయించాం, మళ్ళీ ఇప్పుడెందుకు?"

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్న ఇళ్ళలో వినిపించే మాటే ఇది. ఊరికే తిప్పుతున్నారేమో అన్న అనుమానం కూడా లోపల ఉంటుంది. అసలు సంగతి వేరే.

[బొమ్మ: తల్లి దగ్గర పాలు తాగుతున్న పిల్లలు. పక్కనే మెల్లగా కిందికి దిగే గీత.]

పుట్టగానే తాగే ముర్రుపాలతో పిల్లకి తల్లి యాంటీబాడీలు అందుతాయి. తొలి వారాల్లో దాన్ని జబ్బుల నుంచి కాపాడేవి అవే. చిక్కేమిటంటే, అవి టీకాని కూడా పనిచేయనివ్వవు. అందులోని బలహీనపరిచిన వైరస్‌ని నిజమైన శత్రువే అనుకుని పట్టేస్తాయి. పిల్ల సొంత ఒంటికి నేర్చుకునే అవకాశమే దొరకదు.

ఈ యాంటీబాడీలు ఎప్పటికి తగ్గుతాయి? ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోవచ్చు, ఇంకోదానిలో పద్నాలుగో వారం దాకా ఉండొచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా తేడా ఉంటుంది. పైకి చూసి కనిపెట్టలేం.

[స్క్రీన్ మీద: 6–8 వారాలు → 2–4 వారాలకోసారి → 16 వారాలు]

అందుకే 6–8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఏదో ఒక డోసు సరైన సమయానికి పడాలని ఇన్నిసార్లు! కాబట్టి అన్నిటికంటే ముఖ్యం ఆ చివరిదే. పిల్ల హుషారుగా గంతులేస్తోంది కదా అని ఎగ్గొట్టాలనిపించేదీ అదే.

ఎగ్గొడితే ఏమవుతుంది? పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. అంటుకుంటే వాంతులు, నెత్తురు విరేచనాలతో రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా తెలియని కుక్కలు తిరిగే చోట పిల్లని కింద దింపకండి. ఎత్తుకుని నాలుగు చోట్లా తిప్పండి, మనుషులు అలవాటవ్వాలి కదా.

పిల్లులకీ దాదాపు ఇదే లెక్క, జబ్బులే వేరు. రేబిస్ టీకా మాత్రం రెండింటికీ తప్పదు. మామూలుగా 12 వారాలు దాటాక ఒకటి, ఏడాదికి మళ్ళీ ఒకటి. ఆ తర్వాత ఎన్నేళ్ళకోసారి అన్నది టీకా రకాన్ని బట్టి, అక్కడి చట్టాన్ని బట్టి ఉంటుంది.

నట్టల మందు సంగతి: కుక్కపిల్లకి తల్లి కడుపులోనే ఏలికపాములు సోకొచ్చు. అందుకే రెండో వారం నుంచే మందు పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అస్సలు వాయిదా వేయకండి, ఆ గుడ్లు మట్టి ద్వారా వాళ్ళ కడుపులోకీ చేరతాయి.

[పిల్లి బొమ్మ. ఎర్ర గీతతో కొట్టేసిన మందు సీసా.]

పిడుదుల మందు దగ్గర ఒక్క హెచ్చరిక. కుక్కకి మిగిలిన మందు పిల్లికి పూయకండి. కుక్కల మందుల్లో కొన్నిటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ఇవ్వడం కూడా అంతే, చిన్న ముక్క చాలు ప్రాణం పోవడానికి.

[దగ్గరగా: కుక్క పై పెదవి ఎత్తిన చెయ్యి.]

ఇక ఇంట్లో మీరు చేయగలిగింది చూద్దాం. పెదవి పక్కకి ఎత్తి, లోపలి దవడ పళ్ళు చూడండి. గార మొదట పట్టేది అక్కడే. చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

బరువుకి ఒక చిట్కా. మీ చెయ్యి చాపి, అరచేతి వెనకవైపు ఎముకలు తడిమి చూడండి. కుక్క పక్కటెముకలు అలాగే తగలాలి. నన్నడిగితే, ముద్దు చేసి లావెక్కించడమే ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. 48 లాబ్రడార్‌లని జతలుగా విడదీసి జీవితాంతం గమనించిన ఒక పరిశోధన 2002లో అచ్చయింది. జతలోని రెండో కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి.

[పిల్లి మూలన కూర్చుని ఉంది.]

పిల్లి మాత్రం నొప్పిని బయటపెట్టదు. దాని కిడ్నీలు చాలా భాగం దెబ్బతినేదాకా పైకి ఏమీ తెలియదు. నీళ్ళు ఎక్కువ తాగుతోందంటే అదే సూచన కావచ్చు. మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే తీసుకెళ్ళండి.

అంతా బాగున్నా ఏడాదికోసారి చూపించండి. ఏడేళ్ళు దాటాక ఆరు నెలలకోసారి, రక్త, మూత్ర పరీక్షలతో. వెళ్ళేటప్పుడు టీకాల పుస్తకం, ఆ రోజు మలం కొద్దిగా ఓ డబ్బాలో పట్టుకెళ్ళండి. ఇంట్లో దగ్గుతున్నా, కుంటుతున్నా ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. ఆస్పత్రి గుమ్మం తొక్కగానే అవన్నీ మాయమైపోతాయి మరి!