చెక్క పడవకి ఫైబర్ వేస్తున్నారా? ముందు ఈ రెండు సీసాల సంగతి చూడండి

[స్క్రీన్ మీద: బోర్లించిన చెక్క పడవ, పక్కన రెసిన్ డబ్బా, రెండు చిన్న సీసాలు]

హాయ్ అండి. పాత చెక్క పడవలోకి నీళ్లు ఊరుతుంటే పైన ఫైబర్ మ్యాట్ (గాజు నారల చాప) పరిచి, గట్టిపడే జిగురులాంటి రెసిన్ పూయించడం మన తీరంలో మామూలే. ఎలా పూయాలన్నది ఇవాళ చెప్పను. పూసే మనిషి కళ్లు, ఊపిరితిత్తులు, ఆ పక్కనున్న షెడ్డు భద్రంగా ఉండాలంటే ఏం చేయాలో చూద్దాం.

[క్లోజప్: రెండు సీసాలు]

రెసిన్ గట్టిపడడానికి ఈ రెండూ కలుపుతారు. ఊదారంగులో ఉన్నది కోబాల్ట్, అంటే యాక్సిలరేటర్, గట్టిపడటాన్ని వేగం చేసేది. నీళ్లలా కనిపించేది క్యాటలిస్ట్, గట్టిపడటాన్ని మొదలుపెట్టేది, ఎం.ఇ.కె.పి. అంటారు. ఈ రెండూ నేరుగా కలిశాయంటే భగ్గుమంటాయి, పేలినా పేలతాయి. అందుకని ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలిపేశాకే క్యాటలిస్ట్ పోయాలి, రెండిటికీ ఒకే కప్పు వాడకూడదు, రెండిటినీ ఒకే పెట్టెలో పెట్టకూడదు. కొన్ని రెసిన్లు కోబాల్ట్ కలిపే వస్తాయి, డబ్బా మీద చదవండి. క్యాటలిస్ట్‌ని తాగే నీళ్ల బాటిల్లో పోసి ఉంచే అలవాటుంటే ఇవాళే మానేయండి, దయచేసి.

క్యాటలిస్ట్ ఎంత పోయాలి? మామూలుగా కేజీ రెసిన్‌కి 10 నుంచి 20 గ్రాములు, కచ్చితమైన లెక్క డబ్బా మీద ఉంటుంది. మూతతో అంచనాగా ఇంకొంచెం, త్వరగా గట్టిపడుతుందిలే అని పోస్తారు చూడండి, మే నెల ఎండలో అదే కొంప ముంచుతుంది. కలిపిన రెసిన్ బకెట్లో లోతుగా ఉంటే వేడి బయటికి పోదు, పొగలు కక్కుతుంది, బకెట్ కరిగిపోతుంది. కొంచెం కొంచెంగా కలపండి, వెడల్పు ట్రేలో పోసుకోండి.

[కట్: షెడ్డులో నేల మీద రంపపు పొట్టు]

చెక్క పడవల దగ్గర అసలు చిక్కు ఇదిగో, ఈ పొట్టు. ఏదైనా ఒలికితే చెయ్యి దానంతటదే పొట్టు మీదికి పోతుంది, పీల్చుకుంటుందని. క్యాటలిస్ట్ మీద పొట్టు చల్లామంటే మనమే నిప్పు రాజేసినట్టు, కాసేపటికి దానంతటదే అంటుకోవచ్చు. పొడి ఇసుక చల్లండి, తర్వాత నీళ్లతో తడిపి, ప్లాస్టిక్ పారతో తీసి బయటపెట్టండి. పని మొదలుపెట్టేముందు షెడ్డు ఊడ్చేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక వాసన. పాలియెస్టర్ రెసిన్‌లోంచి వచ్చేది స్టైరీన్. దాని ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, అంటే పైకి పోదు, పడవ అడుగునే పేరుకుంటుంది, మీరు మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేదీ అక్కడే. 31, 32 డిగ్రీలకే అంటుకునేంత ఆవిరి వస్తుంది, మన ఊళ్లో అది మామూలు పగటి ఎండ! బీడీ కాదు కదా, పక్కన గ్రైండర్ నిప్పురవ్వ కూడా పడకూడదు. ముక్కుకి కట్టిన తువ్వాలు, కోవిడ్ నాటి మాస్కు ఆవిరిని ఆపవు, ధూళిని మాత్రం కాస్త ఆపుతాయేమో. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే ఇలాంటి ఆవిరిని పట్టేసే ఫిల్టర్ డబ్బీ, ఉన్న మాస్కు కావాలి. పడవ లోపల పనిచేసేటప్పుడు పైన ఒక మనిషి ఉండాలి. తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే బయటికి రావాలి, ఈ పట్టీ అయ్యాక వస్తాలే అంటే కుదరదు.

కళ్లజోడు చాలదు, చుట్టూ మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూనే ఉండి, తర్వాత ఆసుపత్రికి. అందుకే నీళ్ల డ్రమ్ము పక్కనే ఉండాలి, బావి దగ్గర కాదు.

ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ వాడేవాళ్లు 'మాకు వాసన రాదుగా' అంటారు. దానిది ఇంకో గొడవ. చర్మానికి పదే పదే తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టిందంటే సాధారణంగా జన్మంతా ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, పూర్తిగా గట్టిపడకుండా గీకొద్దు. చేతులు ఎసిటోన్‌తో కడగొద్దు, అది చర్మం మీది జిడ్డంతా లాగేస్తుంది. సబ్బు, నీళ్లు చాలు.

చివరగా, రెసిన్ తుడిచిన గుడ్డల్ని మూటకట్టి మూలన పడేయకండి. నీళ్లున్న ఇనుప బకెట్లో ముంచి ఆరుబయట పెట్టండి. మిగిలిన రెసిన్‌ని ట్రేలోనే, బయటే గట్టిపడనివ్వండి. ఆ ముక్కల్ని పొయ్యిలోకి మాత్రం వాడొద్దు.