కోడి కనబడితే మాట వినని కుక్క: పశువైద్యుడితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి నుంచి మీ ఫోన్-ఇన్ కార్యక్రమం. కోళ్లు, మేకలు, పిల్లుల వెంటపడే పెంపుడు కుక్కల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. పశువైద్యులు మనతో ఉన్నారు. మొదటి ఫోను రేణిగుంట నుంచి. చెప్పండి.

రేణిగుంట శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా ఇంట్లో మూడేళ్ల పిల్లి ఉంది. పోయిన వారం రెండు నెలల కుక్కపిల్లను తెచ్చాం. అప్పటినుంచి పిల్లి బీరువా మీదినుంచి దిగడం లేదు.

డాక్టర్: దాన్ని దించకండి. ఎత్తులో ఉంటే దానికి ధైర్యం. తిండి, నీళ్లు కుక్కపిల్లకు అందనిచోట పెట్టండి. రెండు నెలల వయసులో తెచ్చారు కాబట్టి మంచిదే. ఈ వయసులో కలిసి పెరిగిన జంతువును కుక్క ఇంటిమనిషిలా చూసే అవకాశం ఎక్కువ. రెండూ ఒకే గదిలో ఉన్నప్పుడు మాత్రం కుక్కపిల్ల మెడపట్టీకి చిన్న తాడు వేలాడుతూ ఉండాలి. పిల్లి పరుగెత్తిందంటే ఇది వెంటపడుతుంది, అదొక ఆటైపోతుంది. తాడు వదలొద్దు. ఇంకో మాట, ఇంటి పిల్లితో బాగున్న కుక్క వీధి పిల్లినీ అలాగే చూస్తుందని అనుకోకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాత చంద్రగిరి నుంచి. చెప్పండమ్మా.

చంద్రగిరి శ్రోత: నాయనా, నేను చెప్పేది కాస్త ఓపికగా వినాలి. మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. వాడు రాజపాళయం కుక్కను కొని, అక్కడి ఇంట్లో చోటు చాలదని తెచ్చి నా దగ్గర వదిలేశాడు. తెల్లగా, ముక్కు గులాబీరంగులో, చూడటానికి ఎంత ముద్దుగా ఉంటుందో! పిల్లలతో బంగారం. నా మనవరాలు తోక పట్టి లాగినా ఏమీ అనదు. అయితే ప్రహరీ అవతల మా తోటికోడలి ఇల్లు. ఆమెకు నాటుకోళ్లు. మొదట ఒక పెట్ట పోయింది, డబ్బు ఇచ్చాను. తరువాత పుంజు పోయింది. అది సంక్రాంతికని పెంచుకున్న పుంజు నాయనా. ఇప్పుడు ఆమె నాతో మాట్లాడటం లేదు. పక్కింటి పెద్దాయన ఏమన్నాడంటే, చచ్చిన కోడిని దాని మెడకే కట్టి మూడు రోజులు వదిలేస్తే మళ్లీ కోడి జోలికి పోదని. కట్టమంటారా?

డాక్టర్: వద్దమ్మా. కుళ్లిన మాంసం మెడలో వేలాడితే ఈగలు, పురుగులు, కంపు. నిన్న చంపిన కోడికీ ఈ రోజు మెడలో ఉన్న కంపుకూ సంబంధం దానికి తెలియదు. వయసెంత?

చంద్రగిరి శ్రోత: రెండేళ్లు దాటింది. కొట్టాను కూడా. నోట్లో కోడి ఉండగానే చీపురు తిరగేసి కొట్టాను. వదలలేదు.

డాక్టర్: వదలదు. పట్టుకున్నాక మీ మాట దాని చెవికెక్కదు. చూడండి, వేటలో మెట్లుంటాయి. ముందు చెవులు నిక్కించి చూస్తుంది, చూపు నిలుపుతుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, పడుతుంది, చంపుతుంది. గొర్రెల మందను తోలే కుక్కలో తరమడం దాకా ఉంచి, పట్టడం, చంపడం తగ్గేలా తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. మీ రాజపాళయాన్ని అడవిపంది వేటకే పెంచారు, అందుకని చివరిదాకా పోతుంది. అది దాని తప్పు కాదు. మీరు ఆపవలసింది మొదటి మెట్టు దగ్గర, చెవులు నిక్కిన క్షణంలో. ఒక సంగతి అడుగుతాను. పిలిస్తే దానికి వినబడుతుందా? ఈ జాతిలో పుట్టు చెవుడు ఉన్న కుక్కలు కొన్ని ఉంటాయి.

చంద్రగిరి శ్రోత: అయ్యో, ఆ మాటే నాకు తట్టలేదు. చెవుడేమీ లేదు నాయనా, అన్నం గిన్నె మూత తీస్తే వీధి చివరినుంచి వస్తుంది.

డాక్టర్: గిన్నె వాసన కూడా వస్తుందమ్మా. అది నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి, గాలి తగలకుండా చప్పట్లు కొట్టి చూడండి. వినబడుతుందని తేలితే ఇలా చేయండి. పది మీటర్ల పలుపు తీసుకోండి. మెడకు కట్టొద్దు. అంత పొడవు తాడుతో వేగంగా పరుగెత్తి చివరికొచ్చి ఆగితే మెడ దెబ్బతింటుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీ దొరుకుతుంది, దానికి తగిలించండి. కోళ్లు కనబడేంత దూరంలో, ముప్పై, నలభై మీటర్లలో నిలబడండి. ఉడికించిన కోడిమాంసం, ఎముక లేకుండా, చిన్న ముక్కలు చేతిలో పెట్టుకోండి.

చంద్రగిరి శ్రోత: కోడిమాంసమే పెట్టమంటారా? రుచి మరిగితే ఇంకా చంపదా?

డాక్టర్: అది మన భయం. ఉడికిన ముక్క తింటే వేట పెరగదు. తరమడమే దానికి బహుమతి, తినడం కాదు. మీ పుంజును తిన్నదా?

చంద్రగిరి శ్రోత: లేదు, గుమ్మంలో తెచ్చి పడేసింది.

డాక్టర్: చూశారా. సరే. అది కోడివైపు చూసి చెవులు నిక్కించగానే పేరు పెట్టి పిలవండి. మీ వైపు తలతిప్పితే వెంటనే ముక్క. ముక్క కూడా తీసుకోవడం లేదంటే దగ్గరికి వచ్చేశారని అర్థం, వెనక్కి నడవండి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు చాలు. వారాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి తాడు లేకుండా కోడిని తరిమిందంటే చేసిందంతా వెనక్కి పోయినట్టే. తాడు వదలొద్దు. పరుగెత్తాలనే కోరిక ఎక్కడో ఒకచోట తీరాలి కదా. కర్రకు తాడు, తాడు చివర గుడ్డపేలిక కట్టి గుండ్రంగా తిప్పండి, తరమనివ్వండి. వదలమన్నప్పుడు వదిలితేనే మళ్లీ ఆట.

చంద్రగిరి శ్రోత: అలాగే. మరి ఆ కోడిని మెడకు కట్టడం...

డాక్టర్: (నవ్వుతూ) అమ్మా, వద్దన్నాను కదా!

చంద్రగిరి శ్రోత: పెద్దాయన గట్టిగా చెప్పాడు నాయనా, వాళ్ల తాత కాలంలో పనిచేసిందట.

డాక్టర్: ఆ మూడు రోజులూ కుక్కను కట్టేసి ఉంటారు. కట్టేస్తే ఏ కుక్కయినా కోడిని పట్టదు. ఇంకో సంగతి, నేర్పేది ఎంత నేర్పినా మీరు లేనప్పుడు కోళ్ల మధ్య వదలగలిగే రోజు రాకపోవచ్చు. ప్రహరీ ఎత్తెంత?

చంద్రగిరి శ్రోత: నా భుజం దాకా.

డాక్టర్: అది ఆ జాతికి గడప లెక్క. పైన రెండడుగులు కంచె వేయించండి. మీ తోటికోడలితో మాట్లాడి కోళ్లగూడు అటువైపు జరిపిస్తే ఇంకా మంచిది. కంచె ఖర్చు మీ అబ్బాయి పెట్టాలి, కుక్క ఆయనది కదా.

వ్యాఖ్యాత: అమ్మా, లైన్లో చాలామంది ఉన్నారు. ధన్యవాదాలు. తరువాత పాకాల నుంచి.

పాకాల శ్రోత: సార్, మా కుక్క కుందేళ్లను భలే పడుతుంది. ఇంకా వేగం పెరగాలంటే ఏం పెట్టాలి?

డాక్టర్: ఏమీ పెట్టొద్దు, అడవివైపు తీసుకుపోవద్దు. కుక్కతో కుందేలును పట్టించినా, ఉడుమును పట్టించినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది వేటే. కుక్క పట్టింది, నేను పట్టలేదంటే కుదరదు. పైగా మన కొండల్లో చిరుతలున్నాయి, వాటికి కుక్క సులభమైన ఆహారం. మీరు కుందేలు కోసం పోతే చిరుత మీ కుక్క కోసం వస్తుంది.

పాకాల శ్రోత: ఊరికే సరదాకి సార్...

డాక్టర్: సరదా వద్దు. తాడు వదలొద్దు.

వ్యాఖ్యాత: తరువాత పుత్తూరు. టూకీగా చెప్పండి.

పుత్తూరు శ్రోత: డాక్టర్ గారూ, నిన్న సాయంత్రం మా కుక్క పక్కవాళ్ల మేకపిల్ల తొడ పట్టింది. చిన్న రంధ్రాలే పడ్డాయి. పసుపు పెట్టాం.

డాక్టర్: పసుపు పెట్టి ఊరుకున్నారా? పైన రంధ్రం చిన్నదే, లోపల కండ చిరిగి ఉంటుంది. కుక్క పట్టి ఊపుతుంది కదా. సబ్బు, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. చుట్టూ వెంట్రుకలు కత్తిరిస్తే ఇంకెక్కడ పళ్లు దిగాయో తెలుస్తుంది. ఈ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. ధనుర్వాతం సూది, చీము పట్టకుండా మందు కావాలి. ఆలస్యమైతే పురుగులు పడతాయి. మీ కుక్కకు రేబిస్ టీకా వేయించారా?

పుత్తూరు శ్రోత: చిన్నప్పుడొకసారి...

డాక్టర్: చిన్నప్పుడు కాదయ్యా, ఏటా వేయించాలి! వేయించలేదు కాబట్టి మేకపిల్లకు వరుసగా సూదులు పడవచ్చు, అక్కడి డాక్టర్ చెబుతారు. కుక్కను పది రోజులు కట్టేసి గమనించండి. గాయం కడిగేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. మేక యజమానికి మీరే వెళ్లి చెప్పండి, దాచొద్దు.

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి ఇంకొకరు.

పలమనేరు శ్రోత: మా కుక్క కొట్టంలో పాములను చంపుతుంది సార్. మంచిదే కదా?

డాక్టర్: ఒక రోజు రక్తపింజరి దొరికేదాకా మంచిదే. కాటు పడితే కట్లు కట్టొద్దు, కోయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి. విషానికి విరుగుడు మందు కుక్కలకూ పనిచేస్తుంది, తొందరగా పడితేనే. కొట్టంలో గడ్డి, కట్టెల కుప్పలు తీసేయండి. ఎలుకలు పోతే పాములూ పోతాయి.

వ్యాఖ్యాత: చివరి ఫోను... మళ్లీ చంద్రగిరి. అమ్మా, మీరేనా?

చంద్రగిరి శ్రోత: నేనే నాయనా. కోడి సంగతి అడగను. బజారులో మూతికి కట్టే గుడ్డపట్టీ చూశాను. అది కట్టి వదిలేస్తే సరిపోదా?

డాక్టర్: మూతి బిగించే పట్టీ వద్దమ్మా. కుక్క నోరు తెరిచి ఒగర్చి ఒళ్లు చల్లార్చుకుంటుంది. మన మే నెల ఎండలో మూతి కట్టేస్తే వడదెబ్బ. ఎద్దుకు చిక్కం పెడతాం చూడండి, ఆ ఆకారంలో గంపలాంటిది దొరుకుతుంది. నోరు తెరవాలి, నీళ్లు తాగగలగాలి. కొన్నాళ్లు అందులో ముక్కలు పెట్టి అలవాటు చేయండి. చిక్కం ఉన్నా కాళ్లతో తొక్కి కోడిని చంపగలదు, అందుకని...

చంద్రగిరి శ్రోత: తాడు వదలొద్దు.

డాక్టర్: అదే.

చంద్రగిరి శ్రోత: మరి ఆ పలుపు కొబ్బరినారది కొనాలా, నైలానుదా?

డాక్టర్: సన్నని నైలాను చేయి కోసేస్తుంది. వెడల్పాటి నూలుపట్టీ తీసుకోండి. చేతికి చుట్టుకోవద్దు, అది లాగితే మీరు పడిపోతారు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు.