పైథాన్ ప్రోగ్రాములో జావా డేటాబేస్ లైబ్రరీ: జేపైప్, జేడేబీఏపీఐలతో ఒక పాఠం

నమస్కారం. ఒక కిరాణా కొట్టులో బిల్లులు వేసే ప్రోగ్రాము జావాలో రాసి ఉందని, దాని లెక్కలన్నీ హెచ్2 అనే డేటాబేసులో, అంటే ఆ కంప్యూటరులోని ఒకే ఒక్క ఫైలులో దాచి ఉన్నాయని అనుకోండి. ఏ నెలలో ఏ సరుకు ఎంత అమ్ముడుపోయిందో పట్టిక వేసి చూపమని యజమాని అడిగారు. అలాంటి పట్టికలకు పాండాస్ చాలా అనువైనది. అయితే పాండాస్ పైథాన్ లైబ్రరీ, హెచ్2 మాత్రం మొదటి నుంచి చివరి దాకా జావాలో రాసిన డేటాబేస్. ఆ ఫైలును తెరిచి చదివే విద్య దాని సొంత జావా లైబ్రరీకే తెలుసు. కాబట్టి ఆ లైబ్రరీనే, అంటే హెచ్2 వారి జేడీబీసీ (జావా ప్రోగ్రాములు డేటాబేసుతో మాట్లాడే పద్ధతి) డ్రైవరునే, పైథాన్ ప్రోగ్రాములోకి తెచ్చుకొని ఎలా వాడాలో ఈ వీడియోలో చేసి చూపిస్తాను.

ఈ పనికి వేరే దారులు లేకపోలేదు. జైథాన్ అనేది జావా యంత్రం (జావా ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) మీదే నడిచే పైథాన్. కానీ అది 2.7 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, పైగా సీ భాషలో రాసిన భాగాలున్న పాండాస్ అందులో నడవదు. పై4జే జావాను వేరే ప్రాసెసుగా నడిపి దానితో సాకెట్ ద్వారా మాట్లాడుతుంది. పెద్ద డేటాను విశ్లేషించే పైస్పార్క్ లోపల ఉన్నది అదే. మనం వాడబోయే జేపైప్ మాత్రం జావా యంత్రాన్ని పైథాన్ ప్రాసెసులోనే లేపుతుంది. దాని మీద జేడేబీఏపీఐ అనే చిన్న పొర, జేడీబీసీ కనెక్షనును పైథాన్ వారికి అలవాటైన కనెక్షన్, కర్సర్ (ప్రశ్న పంపే సాధనం), ఫెచ్ఆల్ (జవాబు వరుసలన్నీ తెచ్చేది) రూపంలో అందిస్తుంది. ఒక చిన్న ఫైలు చదవడానికి ఇంతకంటే పెద్ద ఏర్పాటు అవసరం లేదని నా అభిప్రాయం.

ముందుగా కొట్టు ప్రోగ్రాము మూసి ఉన్నప్పుడు డేటాబేస్ ఫైలుకు ఒక నకలు తీసుకోండి. హెచ్2 తాను తెరిచిన ఫైలుకు తాళం వేసుకుంటుంది కాబట్టి, ఆ ప్రోగ్రాము నడుస్తుండగా మనం తెరవబోతే డేటాబేస్ ఇప్పటికే వాడుకలో ఉందన్న లోపం వస్తుంది. నకలుతో పాటు ఆ ప్రోగ్రాము వాడుతున్న హెచ్2 జార్ ఫైలును (జావా లైబ్రరీని మూటకట్టిన ఫైలు) కూడా తెచ్చుకోండి. కొత్త జార్ దించుకుంటే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ 1.4 వెర్షన్‌తో తయారైన ఫైలును 2.0, ఆ తరువాతి వెర్షన్లు నేరుగా తెరవలేవు, పాత జార్‌తో స్క్రిప్టుగా బయటికి తీసి కొత్త డేటాబేసులోకి ఎక్కించాలి. అదే జార్ వాడితే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు టెర్మినల్‌లో పిప్ ఇన్‌స్టాల్ తరువాత జేడేబీఏపీఐ అని టైపు చేస్తే జేపైప్ కూడా దానితో పాటే వస్తుంది. కంప్యూటరులో జావా ఉండాలి, జావా హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దాని ఫోల్డరును చూపాలి. పైథాన్ 64 బిట్‌ది అయితే జావా కూడా 64 బిట్‌దే కావాలి, ఎందుకంటే రెండూ ఒకే ప్రాసెసులో కూర్చోవాలి.

తెర మీద కనెక్ట్ అనే వరుసను చూడండి. అందులో మొదటిది డ్రైవర్ క్లాసు పేరు, ఓఆర్‌జీ డాట్ హెచ్2 డాట్ డ్రైవర్. రెండవది జేడీబీసీ చిరునామా. మూడవది యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉన్న జాబితా. నాలుగవది జార్ ఫైలు ఉన్న చోటు. ఇక్కడ చిరునామా చివర నేను రెండు ముక్కలు అదనంగా చేర్చాను: ఒకటి ఇఫ్‌ఎగ్జిస్ట్స్ ఈక్వల్స్ ట్రూ, మరొకటి యాక్సెస్ మోడ్ డేటా ఈక్వల్స్ ఆర్.

ఈ ముక్కల్లో రెండవది డేటాబేసును చదవడానికే తెరవమని చెబుతుంది. మొదటిది ఎందుకో చెప్పాలి, ఎందుకంటే దాని విలువ నాకు ఒక మధ్యాహ్నమంతా పోయాక తెలిసింది. చిరునామాలో ఫోల్డరు పేరు ఒక అక్షరం తప్పు పడింది. హెచ్2 ఏ లోపమూ చూపలేదు. అలాంటి ఫైలు లేదు కాబట్టి ఆ పేరుతో కొత్త ఖాళీ డేటాబేసును తనంతట తానే సృష్టించి, నేనిచ్చిన పాస్‌వర్డునే దాని పాస్‌వర్డుగా పెట్టేసుకుంది. కనెక్షన్ చక్కగా కుదిరింది, పాస్‌వర్డు సరిపోయింది, బిల్లుల టేబుల్ మాత్రం లేదంది. నేనేమో టేబుల్ పేరులో తప్పు వెతుకుతూ కూర్చున్నాను. ఇఫ్‌ఎగ్జిస్ట్స్ పెడితే ఫైలు లేని చోట వెంటనే లోపం వస్తుంది.

ఇంకొక విషయం. జావా యంత్రం ఒక పైథాన్ ప్రాసెసులో ఒక్కసారే లేస్తుంది, ఆపిన తరువాత మళ్లీ లేవదు. జార్ ఫైళ్ల జాబితాను జేడేబీఏపీఐ ఆ లేచే సమయంలోనే అందజేస్తుంది. జూపిటర్ నోట్‌బుక్కులో రెండవ కనెక్షనుకు మరొక జార్ ఇచ్చి, క్లాసు దొరకలేదన్న లోపం చూసి తికమకపడేవారు ఎక్కువ. కావలసిన జార్లన్నీ మొదటిసారే జాబితాగా ఇవ్వండి. మరిచిపోతే నోట్‌బుక్కు వెనుక నడిచే పైథాన్ ప్రాసెసు అయిన కెర్నెల్‌ను రీస్టార్ట్ చేయడమే మార్గం.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన చోటికి వద్దాం. రెండు భాషల మధ్య కనెక్షన్ కుదరడం కష్టం కాదు. ఒక భాషలోని విలువ రెండవ భాషలోకి దాటేటప్పుడు ఏ రూపం పొందుతుందో చూసుకోవడమే కష్టం. మన సరుకుల టేబుల్‌లో కందిపప్పు అన్న పేరుంది. కంటికి నాలుగు అక్షరాలే, కానీ గుణింతాలను, సున్నను, వత్తులను విడిగా లెక్కించే యూనికోడ్ లెక్కలో తొమ్మిది. జావాలో పొడవు అడిగినా, పైథాన్‌లో లెన్ అడిగినా తొమ్మిదే వస్తుంది. తెలుగు సురక్షితంగా దాటుతుంది. పేరు పక్కన ఎవరైనా ఎమోజీ పెడితే మాత్రం సాధారణంగా జావా దానిని రెండుగా, పైథాన్ ఒకటిగా లెక్కిస్తాయి.

తేదీల విషయంలో టైమ్‌స్టాంప్ కాలమ్ పైథాన్‌లోకి మామూలు స్ట్రింగుగా వస్తుంది. పాండాస్‌లో టు డేట్‌టైమ్‌తో మార్చుకుంటే సరిపోతుంది.

డబ్బు దగ్గరే అసలు చిక్కు. డేటాబేసులో ధర డెసిమల్‌గా ఉంది, జావాలో అది బిగ్‌డెసిమల్, అంటే పైసాతో సహా కచ్చితమైన సంఖ్య. కానీ జేడేబీఏపీఐ దశాంశాలున్న విలువను దాటించేటప్పుడు దశాంశాలను సుమారుగా మాత్రమే దాచే పైథాన్ ఫ్లోట్‌గా మార్చేస్తుంది. తెర మీద రెండు చిన్న వస్తువుల బిల్లు ఉంది, ఒకటి 1.10 రూపాయలు, రెండవది 2.20 రూపాయలు. కూడి చూడండి: 3.3000000000000003 అని వచ్చింది. ఒక బిల్లులో ఆ చివరి 3 ఎవరికీ కనిపించదు. కానీ ఇలాంటివి వేలకొద్దీ కూడిన మొత్తాన్ని కొట్టు లెక్కతో పోల్చినప్పుడు రెండూ సమానమేనా అని ప్రోగ్రాము అడిగితే, కాదనే జవాబు రావచ్చు.

దీనికి నేను వాడే పద్ధతి ఇది. సెలెక్ట్ వాక్యంలోనే కాస్ట్ ధర ఆజ్ వార్‌కార్ అని రాస్తాను, అప్పుడు ధర అక్షరాల రూపంలో దాటుతుంది, అక్షరాలకు రౌండ్ చేయడమంటూ ఉండదు. ఇవతల దానిని పైథాన్ డెసిమల్ క్లాసుకు అందిస్తాను. మీరు జేపైప్‌ను ముందుగా సొంతంగా లేపి ఉంటే వచ్చేది జావా స్ట్రింగ్ కావచ్చు కాబట్టి, దానిని ఎస్‌టీఆర్‌తో పైథాన్ స్ట్రింగుగా మార్చిన తరువాతే డెసిమల్‌కు ఇవ్వండి. పాండాస్‌లో ఈ కాలమ్ ఆబ్జెక్ట్ రకంగా ఉంటుంది, కూడికలు కొంచెం నెమ్మదిస్తాయి. లెక్క తప్పడం కంటే అది మేలు.

వేగం గురించి ఒక్క మాట: ప్రతి గడిలోని విలువా విడివిడిగా ఈ వంతెన దాటాలి. కాబట్టి ఏళ్ల తరబడి బిల్లులన్నిటినీ ఇవతలికి లాగకుండా, నెల, సరుకు వారీగా గ్రూప్ బై హెచ్2 చేతనే చేయించి, వచ్చిన కొద్ది వరుసలనే పాండాస్‌కు ఇవ్వండి. అప్పుడు కూడిన మొత్తాన్ని కూడా వార్‌కార్‌గానే తీసుకోండి.

పట్టిక తయారైంది. యజమానికి పంపే ముందు అదే కాలానికి మొత్తం అమ్మకాన్ని ఒకే సెలెక్ట్‌తో, నెలల వారీగా విడగొట్టకుండా, హెచ్2ను అడిగి, పాండాస్ పట్టికలోని మొత్తం పక్కన పెట్టండి. నా తెర మీద రెండూ పైసాతో సహా కలిశాయి. మీ తెర మీద దశాంశాల చివర ఎక్కడైనా తేడా కనిపిస్తే, ముందు సెలెక్ట్ వాక్యానికి వెళ్లి ఏ కాలమ్‌కు కాస్ట్ పెట్టడం మరిచారో చూడండి.